తొమ్మిది తర్వాత

న్యూకాసిల్ రేవులో రాత్రి రెండున్నర.
బొగ్గు కోసం వచ్చిన ఓడలు పదిహేడు
దీపస్తంభానికి అవతల
లంగరేసుకుని ఒళ్లూపుకుంటున్నాయి.
నా బల్ల మీద నల్ల తెర, చల్లారిన టీ.

నలభై ఆరు యంత్రాల్లో అన్నిటికన్నా పాత సాఫ్ట్‌వేర్ దేనిదో
వెతికి ముందు దాన్ని ఆపమని పైనుంచి మాట.
నలభై ఆరు యంత్రాలు, నలభై ఆరు యాసలు.
ఒకటి "వెర్షన్ 1.9.4" అని ముక్తసరిగా అంటుంది.
ఒకటి తయారైన వారంతో సహా చెబుతుంది.
ఇంకోటి కంపెనీ చిరునామా, ఫ్యాక్స్ నంబరు,
ఎప్పుడో ఎవరో వదిలేసిన నవ్వు బొమ్మ,
అన్నీ ఏకరువు పెట్టి
చివర్లో నసుగుతుంది అసలు సంగతి.

గ్రెప్‌తో జల్లెడ పట్టాను.
అంకె, చుక్క, అంకె, చుక్క, అంకె:
ఆ ఆకారం ఉన్నవే కింద రాలాలి.
మొదటిసారి ఐపీ అడ్రసులూ రాలాయి
(చుక్కలుంటే చాలు, అందరూ చుట్టాలే).
రెండు కొసలూ బిగించి మళ్లీ పట్టాను.

సార్ట్ అన్నాను.
అన్నిటికన్నా పైన 1.10.2.
ఇదే పాతదనుకున్నాను.
బ్రొన్విన్‌కు ఫోన్ చేశాను:
మూడో బెల్టు ఆపెయ్యి.

ఆగింది.
నలభై నిమిషాలు.
ఆగిపోయిన బెల్టు ఎంత గట్టిగా వినిపిస్తుందో
అంతవరకు నాకు తెలీదు.
ఇరవై ఎనిమిదేళ్లుగా దాని పక్కనే పనిచేసిన మనిషి
తిట్టలేదు. తిడితే బావుండేది.
"తొమ్మిది తర్వాత ఏమొస్తుంది, హైమా?"
అని అడిగి పెట్టేసింది.

సార్ట్‌కు అంకెలు తెలీవు, అక్షరాలే తెలుసు.
చుక్క దాటగానే ఒకటిని చూస్తుంది,
తొమ్మిది కన్నా చిన్నదని పైకి తోసేస్తుంది.
ఒకటి చెయ్యి పట్టుకున్న సున్నా వైపు
తలైనా తిప్పదు.

సిగ్గుతో, కాగితం మీద తెలుగులో రాసి చూశాను
అక్షరక్రమంలో:
ఆరు ఎనిమిది ఏడు ఐదు ఒకటి
తొమ్మిది నాలుగు పది మూడు రెండు.
తొమ్మిది పదికి ముందే ఉంది, నిజమే,
కానీ మధ్యలో నాలుగు దూరింది.
రెండు చిట్టచివర నిలబడింది
బళ్లో నాలాగా.

హాజరు పట్టీలో హైమావతి ఆఖరు.
టీకా సూదికి ఆఖరు, అది మంచిదే.
ఉచిత పుస్తకాలకీ ఆఖరే.
ఆరో తరగతి లెక్కల పుస్తకం నా దాకా రాలేదు.
ఇక్కడ నేను హెచ్. ఎనిమిదో అక్షరం.
ఏమీ చెయ్యకుండానే చాలామందిని దాటేశాను.

సార్ట్ పక్కన ఒక చిన్న గీత, ఒక పెద్ద వి.
అంతే. జాబితా గొంతు సవరించుకుంది.
పైకి 1.8.7 వచ్చింది,
ఏడో నంబరు ముసలి స్టాకర్,
ఇంతసేపూ నోరు మెదపకుండా బొగ్గు పోస్తూనే ఉంది.
అడుగున, అందరికన్నా కొత్తగా, 1.10.2.
నేను ఆపించింది.

ఒక్కటి మిగిలింది.
ప్రయోగశాలలో ఇంకా పరీక్షలో ఉన్న 1.11-ఆర్‌సీ1,
పుట్టబోయేది,
పుట్టిన 1.11 కన్నా కింద కూర్చుంది.
మాన్యువల్ తిరగేస్తే ఒక మూల దొరికింది:
అడ్డగీత తీసి అల గుర్తు పెట్టు.
అల అన్నిటికన్నా ముందు వస్తుంది,
అంకె కన్నా, అక్షరం కన్నా,
వరస ముగిశాక ఉండే ఏమీలేనితనం కన్నా.

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.
కిటికీ బయట అవే ఉన్నాయి,
ఒకదాని వెనక ఒకటి, ఏ నంబరూ లేకుండా.

మూడో బెల్టు మళ్లీ కదిలింది.
ఐదింటికి టగ్గులు వెళ్లి ఒక ఓడను లోపలికి తెచ్చాయి,
దాని పేరు జెడ్‌తో మొదలవుతుంది.

బ్రొన్విన్‌కు ఒక్క మాట పంపాను:
పది.
జవాబుగా బొటనవేలు వచ్చింది.